ముద్దపూల మార్తమ్మ

హసన్‌పర్తి చెరువు దిక్కు పోయే రోడ్డు మీద, మూడో గల్లీలో, నీలం గేటు ఇల్లు మార్తమ్మది. ఆ గేటు ముందు నుంచి నడిచిపోయినవాళ్లలో ఆమె నోట ఒక్క మంచిమాట విన్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి, దండ వేసి ఊరేగిద్దాం. పాలవాడు పోసేవి నీళ్లు, పాస్టరు గారు చెప్పేది సాగదీత, ఎదురింటివాళ్లు మేడకు వేయించిన రంగు చూస్తే కడుపులో తిప్పుతుంది. అరవై నాలుగేళ్ల మనిషి పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే చాలు, గల్లీలో ఒక్కొక్కరికీ మార్కులు పడిపోయేవి. ఇప్పటిదాకా పాసైనవాడు లేడు.

ఆ చిన్నచూపు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పాలకుర్తి పక్క పల్లెలో పుట్టి, విన్సెంట్‌ను చేసుకుని హనుమకొండ వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరి, చివరికి వార్డెనమ్మగా రిటైరైంది. ఇరవై ఎనిమిదేళ్లు పూటకు నూటయాభై మంది పిల్లలు పప్పులో ఉప్పు ఎక్కువైందని, చారు నీళ్లలా ఉందని ఆమె ముందు ముఖాలు చిట్లించారు. చూసి చూసి, రిటైరయ్యాక ఆ చిట్లించే పని తనే పుచ్చుకుంది. ఆ పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఆమె తక్కువ చేసి మాట్లాడని మనిషి భూమ్మీద ఒక్కడే, భర్త విన్సెంట్. మిషను దవాఖానలో కాంపౌండరు, మెత్తటి మనిషి, చెట్ల పిచ్చి. పంతొమ్మిదేళ్ల కింద ఒక వానాకాలం గోడ పక్కన గుమ్మడి గింజలు పెట్టాడు. పాదు పూతకు వచ్చేసరికి జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. పాదుకు మనిషి పోయిన సంగతి తెలియదు కదా, దాని పాటికది కాసింది. ఆ కాయను మార్తమ్మ ఎత్తుకుని నవంబరు చివర చర్చిలో జరిగే కోతల పండుగకు తీసుకుపోయింది.

ఆ పండుగ తీరు చెప్పాలి. సంఘంలో ఉన్నవాళ్లు తమ చేతులతో పండించినదాంట్లో మొదటిది తెచ్చి పాస్టరు గారి బల్ల ముందు పెడతారు. వడ్లున్నవాళ్లు వడ్లు, కోళ్లున్నవాళ్లు కోడి, ఏమీ లేనివాళ్లు కుండీలో కాసిన నాలుగు మిరపకాయలు. ఎవరు ఏం తెచ్చారో సెక్రటరీ మైకులో చదువుతాడు. ఆ ఏడు చదివింది ఇది: "విన్సెంట్ గారి జ్ఞాపకార్థం, భార్య మార్తమ్మ, గుమ్మడికాయ ఒకటి." సమాధి మీద పలకలో కూడా ఆ పేరు అంత బాగా కనిపించలేదు ఆమెకు. అప్పటి నుంచి ప్రతి ఏడూ గింజ పెట్టడం, నీళ్లు పోయడం, ఒక కాయ మోసుకుపోవడం, ఆ ఒక్క మాట చెవులారా విని రావడం. మిగతా పదకొండు నెలలు ఆమె బతికేది ఆ మాట కోసమే అంటే అబద్ధం కాదు.

అందుకే రైతుబజారులో కాయ కొని తెచ్చి చేతి పంట అని బల్ల మీద పెట్టేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "సంచి మోస్తే చేతి పంట అయితదా" అని వాళ్ల ముఖం మీదే అనేది. అన్నవి ఊరికే పోతాయా, ఎదుటివాళ్లు మనసులో పెట్టుకున్నారు.

ఈ ఏడు జూన్‌లో మార్తమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. ఇరవై మంది వచ్చారు, చాపలు పరిచారు, పకోడీలు కూడా వేయించారు. చర్చి సెక్రటరీ సుందర్ రావు కాస్త ముందే వచ్చాడు. డోర్నకల్‌లో గూడ్సు బళ్లకు పచ్చజెండా ఊపి రిటైరైన గార్డు అతను. తను జెండా ఊపనిదే దేవుడి రాజ్యం కూడా కదలదని నమ్మకం. గేటు దగ్గర ఆగి గోడ పొడుగునా చూశాడు. అక్కడ నడుమెత్తు తులసి చెట్లు వరసగా పెరిగి ఉన్నాయి, నిండా కంకులు వేసి. హాస్టల్ పిల్లల దగ్గుకు కషాయం కాచడానికని ఎప్పుడో మార్తమ్మ తెచ్చిన రెండు మొక్కలు, వాటి గింజలు వాటంతటవే రాలి పదిహేడయ్యాయి. అందులో భక్తి ఏమీ లేదు, ఉన్నదల్లా దగ్గు. పొద్దున్నే వాటి మీద తేనెటీగలు జుయ్యిమని ముసురుకునేవి. మార్తమ్మ వాటికి కూడా మార్కులు వేసింది. కుట్టే జాతి, సున్నా.

అందరూ కూర్చున్నాక సుందర్ రావు గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, బాధపడకు గని జర ఒక మాట. మన విశ్వాసుల ఇంట్ల గేటు కాన్నే ఇన్ని తులసి చెట్లేంది? చూశెటోళ్లు ఏమనుకుంటరు?"

"దగ్గుకు" అంది మార్తమ్మ.

"దగ్గుకు మెడికల్ షాపుల సిరప్ దొరుకుతది గదా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్లకు అంటుకుంది. పాస్టరు గారు మంచివారు, "చెట్టుల ఏమున్నదన్నా, అన్ని ఆయన చేసినయే" అని ప్రార్థన మొదలుపెట్టారు. మార్తమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. నవ్వు మాత్రమే వినిపించింది.

సుందర్ రావు మాటకు ఆమె దగ్గర చిల్లిగవ్వ విలువ లేదు. ఆ విలువ లేని మాట పట్టుకునే తెల్లారి లేచి పదిహేడు తులసి చెట్లనూ వేళ్లతో సహా పీకి గోడ అవతల పారేసింది. ఊరందరికీ వంక పెట్టే మనిషి, తనకు ఒకడు వంక పెడితే ఒక్క రాత్రి ఆగలేకపోయింది. ఇంతే కదా ఈ పెద్దమనుషుల ధైర్యం.

ఖాళీ అయిన గోడను చూస్తే ఆమెకే దిగులేసింది. సుందర్ రావు మళ్లీ వస్తే కళ్లు చెదరాలి అనుకుని ఆటో ఎక్కి వెంకట్రాజం నర్సరీకి పోయింది. అక్కడ ముందు వరసలో పెద్దపెద్ద ముద్దపూలు, రేకు మీద రేకు, బంతుల్లా ఉబ్బి ఉన్నాయి. వెనక, నీళ్ల తొట్టి పక్కన, పాత నూనె డబ్బాల్లో నాటు మొక్కలు. రేక మందారం, రేక నందివర్ధనం, సబ్జా, చిన్న పూల నాటు బంతి. ఆ మూల అంతా ఈగలూ సీతాకోకచిలుకలూ.

"ఇవేందయ్యా, డబ్బాలల్ల పెట్టినవ్" అంది మార్తమ్మ.

"నాటువి అమ్మా. వీటికి తేనెటీగలు మంచిగొస్తయ్. ఇంట్ల కూరగాయ పాదులున్నోళ్లు రెండు మూడు పట్టుకపోతరు. కాత మంచిగుంటది."

"నేను ఈగలను సాదుకుందామని రాలే. ఆ ముద్దయి చూపియ్."

వెంకట్రాజం ముప్పై ఏళ్లుగా మొక్కలు అమ్ముతున్నవాడు, నోరు ఊరుకోలేదు. "ముద్దపూలు చూడనీకే అమ్మా. లోపట పుప్పొడి ఉండవలసిన జాగ గూడ రేకులే అయితయ్. ఈగ వచ్చినా దానికి ఏం దొరకది."

"నువ్వు మొక్కలు అమ్మెటోనివా, పాఠాలు చెప్పెటోనివా?"

అతను ఆటోను దగ్గరికి పిలిచాడు. ముద్ద మందారాలు ఆరు, ముద్ద నందివర్ధనాలు నాలుగు, హైబ్రిడ్ ముద్దబంతి ఒక ట్రే, పువ్వే పుయ్యని రంగురంగుల క్రోటన్లు రెండు ఆటోలోకి ఎక్కించాడు. కాత గురించి చెప్పినవాడి మాటను, ఇంట్లో గుమ్మడిపాదు ఉన్న మనిషి ఇలా తోసేసింది. తెలివి అంటే ఇది.

ఆగస్టుకు గోడ పొడుగునా ఎరుపు, తెలుపు, పసుపు విరగబూశాయి. సుందర్ రావు స్కూటర్ ఆపి, "ఇప్పుడు ఇల్లు మంచిగ కనబడుతాంది అక్కా" అన్నాడు. ఆమె మూతి తిప్పి లోపలికి పోయింది. లోపలికి పోయాక ఆ మాటను నాలుగు రోజులు తలుచుకుని మురిసింది.

సెప్టెంబరులో గుమ్మడిపాదు పూతకు వచ్చింది. గోడెక్కి, పక్కింటి రేకుల షెడ్డు మీదికి కూడా పాకింది. బొటనవేలంత పిందెతో ఆడపూలు విచ్చుకునేవి, పది గంటలకల్లా ముడుచుకునేవి. మూడో రోజుకు పిందె పసుపెక్కి, ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేది. ఒకటి రాలింది, రెండు రాలాయి, ఎనిమిది రాలాయి. మార్తమ్మ పేడ వేసింది, బూడిద చల్లింది, నీళ్లు తగ్గించి చూసింది, పెంచి చూసింది. గింజ ఇచ్చిన పోయినేటి కాయను తిట్టింది. గల్లీలో ఎవరి కళ్లు పడ్డాయో అనుకుంది, ఆ మాట పైకి అంటే సుందర్ రావు మళ్లీ వస్తాడని నోరు మూసుకుంది. పిందె నిలవకపోతే కాయ లేదు. కాయ లేకపోతే నవంబరులో ఆ మైకులో విన్సెంట్ పేరు లేదు. అది తలుచుకుంటే ఆమెకు అన్నం దిగేది కాదు.

పక్కింటామె భారతి. భర్త గోపాల్‌కు వరంగల్ చౌరస్తాలో చీరల దుకాణం. మార్తమ్మ లెక్కలో భారతి ఫోన్ చూసి వండేది, ఫోన్ చూసి చీర కట్టేది, ఫోన్ చూసి మొక్కలు పెంచేది, సొంత బుర్ర వాడని మనిషి. ఒక రోజు పొద్దున గోడ అవతల ఆమె వంగి, దూది చుట్టిన చెవిపుల్లతో కాకరపూలను సున్నితంగా తడుముతూ కనిపించింది.

"పువ్వులకు చెవులు కడుగుతాన్నవా భారతీ?"

"నవ్వుకో అక్కా. మగపువ్వు పొడి తీసి ఆడపువ్వుకు అంటిస్తాన్న. తేనెటీగలు వస్తలేవు. ఇగ నేనే తేనెటీగనైన."

"దేవుడు చేశే పని చెవిపుల్లతోని చేస్తరా ఎవలన్న?"

భారతి నడుం నిమురుకుంటూ లేచి నిలబడింది. ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, ఆ రోజు మాట్లాడింది.

"దేవుడు పంపిన ఈగలను ఎల్లగొట్టింది ఎవలక్కా? నీ గోడ పొంటి తులసి ఉన్నన్నాళ్లు పొద్దుగాల జుయ్యిమని ఒకటే మోత. అవే ఇటు నా కాకర మీదికి వచ్చేటియి, అవే నీ గుమ్మడి మీద వాలేటియి. నువ్వు తులసి పీకిన కాడికెల్లి ఒక్కటి రాలే. నీ ముద్దపూలల్ల ఏమున్నదని వస్తయ్ అవి?"

మార్తమ్మకు నషాళానికి అంటింది. ఎదుటివాళ్ల ఇంట్లో తప్పు వెతకడంలో ఆమెకు అలవాటు బాగా ఉంది కదా, వెంటనే దొరికింది.

"నీ ఇంట్ల తులసికోట లేదా మరి? పొద్దున లేస్తే దాని కంకులన్ని గిల్లి పారేస్తవ్. ఒక్క పువ్వన్న ఉంచినవా ఈగలకు?"

భారతి ముఖం వాడిపోయింది. "కంకి ఉంచితే తులసమ్మకు బరువు అయితదని మా అత్తమ్మ చెప్పింది" అంది మెల్లగా.

ఇద్దరూ గోడకు అటొకరు ఇటొకరు. ఒకామె దేవత అని పూత గిల్లింది, ఒకామె మన దేవుడు కాదని చెట్టే పీకింది. మధ్యలో ఈగల నోట్లో మట్టి కొట్టారు. మళ్లీ ఇద్దరికీ తోటలు కావాలి, కాయలు కావాలి. మార్తమ్మ లోపలికి పోయింది.

ఆ మర్నాడు పొద్దున ఆమె టీ తాగకుండా ముద్ద మందారాల ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. చాలాసేపటికి ఒక తేనెటీగ వచ్చింది. ఎర్రటి పువ్వు మీద వాలి, రేకుల మధ్య తల దూర్చి, అటు తిరిగి ఇటు తిరిగి, ఏమీ దొరక్క లేచిపోయింది. పక్క పువ్వు మీద వాలనైనా లేదు. మార్తమ్మకు వెంకట్రాజం చెప్పింది గుర్తుకొచ్చింది. అయినా ఆమె దుకాణానికి పోయి చెవిపుల్లల డబ్బా తెచ్చిందా? తేలేదు. భారతి చేసిన పని తను చెయ్యడమా? పిందెలు రాలుతూ పోయాయి, ఈమె మొండికేసుకుని కూర్చుంది. నెలాఖరుకు రాలినవి ఇరవై మూడు.

అక్టోబరు మొదట్లో బట్టలు ఆరేస్తుంటే పక్కింటి షెడ్డు రేకుల మీద, ఆకుల సందున, కొబ్బరికాయంత గుమ్మడికాయ కనబడింది. మార్తమ్మ స్టూలెక్కి మళ్లీ చూసింది. నిలిచిన కాయే, ముదురాకు రంగులో నిగనిగలాడుతోంది. ఆమెకు కళ్లు చెమర్చాయి. దిగేలోపే గొంతు మాత్రం ఎప్పటిదే అయింది.

"భారతీ, ఇటు చూడు. నా పాదు దానంతటదే కాసింది. చెవిపుల్లలు గిట్ల ఏం అక్కర్లే."

భారతి షెడ్డు ముందు బియ్యం చెరుగుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "దానికి అంటించింది నేనే అక్కా. కాకరకు అంటించుకుంట పోతుంటె ఆ పువ్వు చేతికందింది. నీ పాదు మగపువ్వే తెంపి అంటించిన."

"అడగకుంట నా పాదును ముట్టుకుంటవా?"

"ముట్టుకోకపోతే అది గూడ రాలిపోయేది. ఏంగాదు, కాయ నీదే. పండుగకు పట్టుకపో."

ఇలాంటి మంచితనం మార్తమ్మ లాంటివాళ్లకు తిట్టు కంటే చేదు. దాదాపు రెండు నెలల పాటు ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. గింజ నాది, వేరు నాది, నీళ్లు నావి. ఒక్క పూట చెవిపుల్ల ఆడిస్తే పంట ఆమెదైపోతుందా? అయినా ఎవరికి తెలుసు? సంచి మోసుకొచ్చినవాళ్లను నిలబెట్టి కడిగిన నోరు, ఇప్పుడు ఎంత బాగా నచ్చజెప్పిందో చూడండి. కాయ ఆరు కిలోలయింది. పండుగ ముందు రోజు షెడ్డు మీది నుంచి దాన్ని కోసి, గోడ మీదుగా అందించింది భారతే.

నవంబరు చివరి ఆదివారం చర్చి నిండిపోయింది. బల్ల ముందు వడ్ల బస్తాలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. అన్నిటి మధ్య మార్తమ్మ గుమ్మడికాయ. సుందర్ రావు పట్టిక చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే చదువుతూ వచ్చి, దాని దగ్గర ఆగాడు. మార్తమ్మ పైట సర్దుకుని చెవులు రిక్కించింది.

"ఇది చదివే ముందుగాల ఒక మాట" అన్నాడు సుందర్ రావు. "జూన్ నెలల మన మార్తక్క ఇంట్ల నేనొక సలహా చెప్పిన. గేటు కాడి తులసి చెట్లు మనకు వద్దన్న. అక్క మాట విన్నది, తెల్లారే తీసేసింది. ఇప్పుడు చూడుండ్రి, ఎంత కాయ వచ్చిందో. మాట వింటే ఆశీర్వాదం ఇట్లుంటది."

కొందరు ఆమెన్ అన్నారు. సుందర్ రావు కళ్లజోడు సర్దుకుని పట్టిక మీదికి వంగాడు. ఆ తర్వాత వచ్చేది విన్సెంట్ పేరు. ఇరవై మూడు పిందెలు రాలగొట్టిన ఆ సలహా వెనకాల, దానికి సాక్ష్యంగా, ఆయన పేరు. చెట్టు కొమ్మ విరిచినా బాధపడిన మనిషి పేరు. మార్తమ్మ లేచింది. లేచానని ఆమెకు నిలబడ్డాకే తెలిసింది.

"ఆగు సుందర్రావు."

"సాక్ష్యం చెప్తవా అక్కా" అని అతను సంతోషంగా మైకు ఆమె వైపు తిప్పాడు.

ఆమె ముందుకు నడిచి మైకు తీసుకుంది.

"తులసి పీకింది నీ మాట మీద గౌరవం ఉండి కాదు. నలుగురు నవ్విండ్రని పీకిన. పీకి, చూడనీకే పనికొచ్చే ముద్దపూలు తెచ్చి పెట్టిన. నర్సరీ ఆయన వద్దన్నా వినలే. తేనెటీగలు రాలే, పిందెలన్ని రాలిపోయినయ్. ఈ ఒక్క కాయ మా పక్కింటి భారతి కాపిచ్చింది, మగపువ్వు పొడి తీసి, తన చేతులతోని. తెలిసీ దీన్ని నాదని తెచ్చిన. ఇది నా చేతి పంట కాదు."

ఎన్నాళ్లుగానో ఈమె మాటలు పడ్డవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు. సుందర్ రావు ముఖం కందిపోయింది. పట్టిక వైపు, ఆమె వైపు మార్చిమార్చి చూశాడు.

"మరి ఎవల పేరు చదువాలె అక్కా?"

"భారతి పేరు చదువు."

"ఆమె మన సంఘం మనిషి కాదు గదా."

"తేనెటీగలు మన సంఘమా ఏంది. చదువు."

అతను పాస్టరు గారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. సుందర్ రావు జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద ఒక గీత గీసి, పైన ఏదో రాసి, అప్పుడు చదివాడు. "భారతి గారు, గుమ్మడికాయ ఒకటి." తర్వాత ఎవరివో వడ్లు, ఇంకెవరివో కోడి.

మార్తమ్మ తన చోటికి వచ్చి కూర్చుంది. పక్కన కూర్చున్నామె భుజం మీద చెయ్యి వేస్తే తీసెయ్యలేదు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పట్టిక ఆఖరి వరకూ విన్నది. చివరి పేరు కూడా అయిపోయింది, మైకు ఆపేశారు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ పండుగలో విన్సెంట్ పేరు వినబడలేదు.